పానా తగలని నట్లు

లుమెజ్జానె
9 మార్చి 1999, మంగళవారం

గిల్దోకి,

నువ్వూ, మీ ఆవిడా, పిల్లలూ కులాసా అని తలుస్తాను. తలచడమేమిటి, ఆదివారం చర్చి అయ్యాక చౌకు దగ్గరి బార్‌లో నువ్వు పదిమందికి వైన్ పోయించి పకపకా నవ్వుతున్నావని మా అమ్మ కళ్లారా చూసి వచ్చి చెప్పింది. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే. మర్యాదలు అయ్యాయి కనుక అసలు సంగతికి వస్తాను.

శుక్రవారం నీ నివేదిక నా బల్ల మీదకొచ్చింది. మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్ల కిందట ఫ్యాక్టరీ గేటు ముందు, సమ్మె డేరాలో నా పక్కన కూర్చుని, చలికి వణుకుతూనే, కార్మికుడి మీదకు తప్పు నెట్టేవాడి నోట్లో మన్ను కొట్టాలని గొంతు చించుకున్న గిల్దోయేనా ఇది రాసింది అని కింద సంతకం చూశాను. నువ్వే. సాంకేతిక విభాగాధిపతివి.

నువ్వు రాసింది ఇదీ: నవంబరులో పై లోయలోని చీజ్ మాగబెట్టే గుహలో చెక్క అర కూలిపోవడానికి కారణం, దాన్ని పట్టి ఉంచిన మన ఫ్యాక్టరీ ఇత్తడి నట్లు నాలుగింటిని అక్కడి పనివాడు తర్చీజియో, బలం కోసం పానాకు గొట్టం తొడిగి మితిమీరి బిగించడం. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ గుహలో చీజ్ దిమ్మలు తిప్పుతున్న మనిషి తన తుంటి తానే విరగ్గొట్టుకున్నాడన్నమాట! గురువారం బ్రెషాలో జరిగే విచారణలో తనిఖీ అధికారి నీ మాట నమ్మితే అతనికి పరిహారం దక్కదు. అర కూల్చుకున్న మొద్దు అన్న పేరు మాత్రం దక్కుతుంది.

గొట్టం తొడిగాడన్న పుకారు పట్టుకుని నువ్వు నివేదిక మొదలుపెట్టావని తెలియగానే, జనవరిలో, నేనతన్ని చూడ్డానికి వెళ్లాను. నువ్వు వెళ్లలేదు. నన్ను చూసి మంచం మీంచే, రండి ఇంజినీరమ్మా, గొట్టం తొడిగానట కదా, మా ఆవిడ బిగించిన సీసా మూతే నాకు రాదు, మీవాళ్లు నన్ను పహిల్వాన్ని చేసి కూర్చోబెట్టారు అన్నాడు. ఆ అరలు బిగించింది మీ ఫ్యాక్టరీ మనుషులే, ఆనాటి నుంచి ఒక్క నట్టు మీద నా వేలు పడి ఉంటే ఈ చెయ్యి ఊడి పడిపోవాలి అన్నాడు. వంటింట్లోంచి భార్య, చాల్చాల్లే ఒట్లు, కాలు విరిగినవాడితోనే వేగలేక చస్తున్నా, చెయ్యి కూడా పోతే నిన్నెవరు మోస్తారు అని కసిరింది.

వాళ్ల దగ్గర తాళం అడిగి తీసుకుని గుహకు వెళ్లాను. తలుపు తీయగానే కళ్లు మండాయి గిల్దో. పండుతున్న చీజ్ తొక్క నుంచి అమ్మోనియా వస్తుంది. గోడల నిండా చెమ్మ. ఆ చెమ్మకు ఇనుము తుప్పు పడుతుందనే వాళ్లు ఇత్తడి కావాలన్నారు. మనం మహా గర్వంగా ఇచ్చాం. ఎక్కడ వాడతారని ఒక్కరమూ అడగలేదు. వేడి చేయకుండా అచ్చులో నొక్కి తీసిన నట్టులో ఆ నొక్కుడు బిగువు అలాగే ఉండిపోతుందనీ, దానికి చెమ్మా అమ్మోనియా తోడైతే పైకి మచ్చయినా కనిపించకుండా లోలోపల చీలిపోతుందనీ నీకూ నాకూ కాలేజీలో ఒకే మాస్టారు చెప్పారు. పానా అక్కర్లేదు. ఏ చెయ్యీ అక్కర్లేదు.

ఇది రుజువు చేయాలి కదా. ల్యాబ్‌లో చేస్తే ఆ కాగితం నీ సొరుగులోకి పోయి నిద్రపోతుందని ఇంట్లోనే చేశాను. సీలు తీయని పెట్టెలోంచి పది నట్లు పళ్లెంలో పెట్టి, పక్కన బాగా పండిన చీజ్ ముక్క, చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించాను. వారానికోసారి చీజ్ మార్చాను. అమ్మ ముక్కు మూసుకుని, వంట నేర్చుకోవే నివెస్ అని జీవితమంతా మొత్తుకున్నాను, చివరికి నట్లు వండుతున్నావా తల్లీ అంది.

ఐదు వారాలకు పదిలో ఏడు పగిలాయి. బోల్టు మొహం కూడా చూడని నట్లు! అదే రకం ఇంకో పదింటిని ముందు గంటసేపు బట్టీలో వేడిచేసి, బిగువు దించి, రెండో పళ్లెంలో పెట్టాను. ఒకటి పగిలింది. మూడో పళ్లెంలో, మీరంతా వద్దన్న నా ఎర్ర మిశ్రమంతో చేసినవి పది. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

వంటింటి పళ్లెం పరీక్ష కాదంటావని తెలుసు. సరే, సీసాలోని అసలు అమ్మోనియాతో ల్యాబ్‌లో నువ్వే చేయి, ఒక్క రోజు చాలు. చీజ్ గుహలో ఇత్తడి వాడొద్దని చీటీ అంటిస్తే సరిపోతుందనీ అంటావు. ఎన్ని చీటీలు అంటిస్తావు? పశువుల కొట్టంలో అమ్మోనియా, కోళ్ల షెడ్డులో అమ్మోనియా, మరుగుదొడ్లో అమ్మోనియా, మీ ఆవిడ శనివారం నేల తుడిచే బకెట్లో అమ్మోనియా. మనుషులూ పశువులూ ఉండే లోకమే ఇది. మన నట్టు కోసం వాళ్లు ఉచ్చ పోయడం మానుకోవాలా? లోకానికి తగ్గట్టు లోహాన్ని మార్చడానికే కదా మనకు జీతాలిచ్చేది!

మార్గం లేక కాదు. నూటికి నలభై పాళ్లున్న జింకును పదిహేను లోపుకి దించి, కాస్త తగరం కలిపిన ఆ ఎర్ర మిశ్రమాన్ని 1988లోనే తెచ్చి మీ బల్ల మీద పెట్టాను. అచ్చులు తొందరగా అరుగుతాయన్నారు. నిజమే, అరుగుతాయి. అసలు అడ్డం వేరే. యజమాని నట్టును వెలుగులోకి పట్టి, ఇత్తడంటే బంగారంలా మెరవాలి, ఇదేంటి నివెస్, నీలాగే ఎర్రగా ఉంది, దీన్ని కొనడానికి నీ ఎర్రజెండా పార్టీవాళ్లు రావాలి అన్నాడు. బల్ల చుట్టూ అందరికంటే ముందు నవ్వింది నువ్వు. పసుపు రంగు కోసం ఒక మనిషి తుంటి పోయింది. ఆ రంగుకు ఇప్పుడు నువ్వు కాపలా కాస్తున్నావు.

కనుక విను. రేపు సాయంత్రం లోపు నివేదిక వెనక్కి తీసుకో. తీసుకోకపోతే గురువారం బ్రెషాలో మూడు పళ్లేలూ, ఆ కంపూ తనిఖీ అధికారి బల్ల మీద ఉంటాయి. నా మీద ఏ కాగితం రాస్తావో రాసుకో. నేను తగ్గను.

తపాలాను నమ్మక ఈ ఉత్తరం నేనే మీ తలుపు సందులోంచి తోసి వెళ్తున్నాను. మీ ఆవిడను అడిగానని చెప్పు.

ఇంకా నిన్ను తిట్టే ఓపిక ఉన్న,
నివెస్

తా.క.: సంతకం పెట్టాక పది నిమిషాలు కూర్చున్నాను. ఈ సంగతి రాయకపోతే పైన రాసిందంతా అబద్ధమవుతుంది. ఎర్ర మిశ్రమాన్ని పక్కన పెట్టాలన్న 1988 నాటి కాగితం మీద నీ సంతకం కింద నా సంతకం ఉంది. 'పాత ఇత్తడి ఎండావానా తగలని చోట్లన్నిటికీ సరిపోతుంది' అన్న వాక్యం నా చేతిరాతే. ఎవరూ బెదిరించలేదు. ల్యాబ్‌కు కొత్త బట్టీ ఇస్తామన్నారు, మరుసటి నెలే ఇచ్చారు. పదకొండేళ్లుగా నిన్నొక్కణ్ణే తిడుతూ వచ్చాను. ఆ కాగితం నకలు కూడా గురువారం నాతో వస్తోంది. ఉద్యోగం పోతే పోనీ.

నిన్న తర్చీజియోకి చెప్పేశాను. మొహం మీదే తిట్టాడు, వాటిలో రెండు తిట్లు నేనెప్పుడూ వినలేదు. తర్వాత, మీ ఏడుపు తర్వాత ఏడుద్దురుగానీ ఇంజినీరమ్మా, గుహలో ఇంకా ఎనభై అరలున్నాయి, వాటి కింద ఇప్పుడు మా తమ్ముడి కూతురు పని చేస్తోంది, ముందు ఆ నట్లు మార్పించండి అన్నాడు. ల్యాబ్ కింది గదిలో ఎర్ర నట్లు, ఆనాడు నమూనాకని చేసినవి, ఐదు వందల దాకా ఉన్నాయి. రేపు పొద్దున ఆరింటికి వాటితో, రెండు పానాలతో గుహకు వెళ్తున్నాను. ఎనభై అరలు, అరకు నాలుగు, మూడు వందల ఇరవై నట్లు. ఒక్కదాన్నే అయితే గురువారం లోపు కావు.