బాపు దిగిన కుర్సీ

కరీంనగర్

ఓంప్రకాశ్ మామకు, నీ మేనకోడలు దండం పెట్టి రాసేది.

నిన్న టీవీల ఏదో దేశపు అధ్యక్షుడు అధికారాన్ని సొంతానికి వాడుకున్నడని, కుర్సీల నుంచి దించుతుండ్రని చూపెట్టిండ్రు. బాపు నవ్విండు. "పాపం, ఆయనకు గూడ బామ్మర్ది ఉన్నడేమో" అన్నడు. ఎన్నేండ్లకో నీ ముచ్చట తీసిండు మామా.

నాకు మన నేత సంఘం మీటింగు యాదికొచ్చింది. అప్పుడు బాపే అధ్యక్షుడు. నూలు లేక అందరి సాంచె మగ్గాలు ఆగిపోతే, వచ్చిన నూలంత నీకే ఇచ్చిండని సభ్యులు అవిశ్వాసం పెట్టిరి. బాపు లేచి, "నిజమే, ఇచ్చిన. తప్పే" అని, అందరితోపాటు తనను దించాలని తనే చెయ్యి లేపిండు. తెల్లారి మళ్ల సాంచె కాడ కూలికి నిలబడ్డడు. గా చప్పుడుల బాపు పాడిన పాటలు ఇంక నా చెవులల్లనే ఉన్నయి.

అంతకుముందు నువ్వు దినాం నన్ను భుజం మీద ఎక్కించుకొని బజారంత తిప్పేటోనివి. మీటింగు అయినంక నిర్మల్ పోయినవు, మళ్ల మా గడప తొక్కలే.

జర ఒక్కసారి వచ్చి పో మామా. గా దినం ఇంటికొచ్చి బాపు అవ్వతోని అన్నమాట నీకు తెల్వది: "కుర్సీ పోతే పోనీ నర్మదా. నీ తమ్ముడు మనకు మొకం చాటేస్తడేమోనని ఫికరైతుంది."

నీ కోడలు