తడి వేలి నివేదిక

నరసరావుపేట,
ఆదివారం, 6-8-1961.

శ్రీయుత సామ్యేలు గారికి,

ధనుంజయరావు నమస్కరించి విన్నవించుకునేది. తమ క్షేమం ఆసుపత్రి రిజిస్టరు ద్వారా నాకు తెలిసింది. నా క్షేమానికి వైద్యపరమైన ఆటంకమేమీ లేదు. తక్కిన ఆటంకాలను ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

ఈ ఉత్తరం ఆరు సంవత్సరాలు ఆలస్యమైంది. ఈ ఆరేళ్ళలో తమ వద్దనుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ అందాయి. ఒక్కదానికీ జవాబు వెళ్ళలేదు. ఈరోజు కూడా దీన్ని ఉదయం నుంచి మూడుచోట్ల మొదలుపెట్టాను. సత్రం గదిలో తేదీ వేసి లేచాను. బస్సుస్టాండులో తమ పేరు రాసి లేచాను. ప్రస్తుతం పఠనమందిరం వరండాలో ఉన్నాను. ఇక్కడ బెంచీకి ఒక కాలు పొట్టి. కుదురుగా లేనిది నేనొక్కడినే కాదన్న ధైర్యంతో రాస్తున్నాను.

నేను ఈ ప్రాంతానికి ఎందుకు వచ్చానో ఆసుపత్రి గోడ లోపల ఉన్న తమకు సగమే తెలిసి ఉంటుంది. కనుక మొదటినుంచీ నివేదిస్తాను.

కుష్ఠువ్యాధి నయమై, ముడుచుకుపోయిన వేళ్ళకు శస్త్రచికిత్స చేయించుకున్నవారికి వేళ్ళ కసరత్తు అవసరం. తమ డాక్టరు ఫిలోమినా గారు మొదట మైనపు ముద్దలు పిసికించారు. తరువాత గోలీలు ఏరించారు. చివరికి, పుస్తకంలో పేజీలు తిప్పడాన్ని మించిన కసరత్తు లేదని తేల్చి రోజుకు రెండువందల పేజీలు నిర్ణయించారు. గోలీలు ఏరినవాడు గోలీలు ఏరి ఊరుకుంటాడు. పేజీలు తిప్పినవాడు కొన్నాళ్ళకు చదవడం మొదలుపెడతాడు. ఈ పరిణామానికి చికిత్సా గ్రంథాలలో హెచ్చరిక లేదు. ఇప్పుడు గురజాల దారిలోని ఆ ఆసుపత్రిలో నాలుగువందల పన్నెండు పుస్తకాలతో ఒక చదువుగది ఉంది. దానికి తమరే అధికారి, గుమాస్తా, బంట్రోతు.

అయితే ఆ పుస్తకాలన్నీ ఈ పేట పఠనమందిరం ఆస్తి. నెలకొకసారి మన్సూర్ అనే అటెండరు కొన్నింటిని పెట్టెలో పెట్టి బస్సు మీద తీసుకువెళ్ళి, పాతవాటిని తెస్తాడు. ఈ వేసవిలో పఠనమందిరం అధ్యక్షులు యల్లమంద గారికి ఈ రాకపోకల మీద అనుమానం వచ్చింది. వారికి వేరుశనగ నూనె మిల్లు ఉంది. రోగుల చేతులు తగిలిన పుస్తకాల మీద రోగం కూర్చుని ఊళ్ళోకి వస్తుందని, మొత్తం తెప్పించి తగలబెట్టాలని ప్రతిపాదించారు. దహనం శాస్త్రీయంగా జరగాలని మరొక సభ్యుడు సవరణ పెట్టాడు. ఆ సవరణే నేను.

మిరపకాయల బూజు మీద మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్నవాణ్ణి పుస్తకాల మీదికి ఎందుకు పంపారని తమరు అడగవచ్చు. బూజు బూజేనని, పఠనమందిరం ఉత్తరం అందుకున్న మా ఆచార్యుల అభిప్రాయం. కుష్ఠు క్రిమి మేము బూజులు పెంచి చూసే గాజుపళ్ళెంలో పెరగదన్న సంగతి, ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ దాన్ని అలా పెంచలేదన్న సంగతి వారికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే రెండువందల పళ్ళేలు, దూదిపుల్లల కట్ట, ఒక జత రబ్బరు చేతితొడుగులు తీసుకుని రైలెక్కాను. దొరకదని తెలిసినదాన్ని వెతకడానికి ప్రయాణభత్యం ఇచ్చే వృత్తి మాది.

ఆసుపత్రిలో పని వరండాలోనే చేసుకుంటానన్నాను. వెలుతురు కోసమన్నాను. పుస్తకాలు లోపలినుంచి ఒక్కొక్కటీ కాగితంలో చుట్టుకుని వచ్చేవి. ప్రతిదాని మీదా వరుస నంబరుతో చీటీ. ఏడో చీటీ చూశాను. ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత. హాస్టల్లో మన గది గోడ మీద చాకలి పద్దులో నువ్వు వేసే గీతే అది. కొంచెం వణికింది, అంతే.

ఇక తమరు, తాము అనడం నావల్ల కావడం లేదు. క్షమించు.

నేను తొడుగులు తీయలేదు. నువ్వు గదిలోనుంచి బయటికి రాలేదు. మధ్యలో ఒక గుమ్మం, దానికి ఆకుపచ్చ తెర. నాలుగురోజులపాటు నువ్వు పుస్తకాలు పంపావు, నేను వాటి మూలలు తుడిచి తిప్పి పంపాను. నీ దగ్గరనుంచి ఒక్క మాట రాలేదు. నేను అడగలేదు. ఐదోరోజున ఫిలోమినా గారు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ క్రిమి పళ్ళెంలో పెరగదని మీకు ముందే తెలుసు కదా, మరి ఏం కనుక్కుందామని వచ్చారని అడిగారు. తులనాత్మక అధ్యయనం అన్నాను. ఆమె నా తొడుగుల వంక చూసి, ఇక్కడ వంటమనిషి కూడా అవి వేసుకోదని చెప్పి లేచి వెళ్ళారు.

ఆ పూట గుమ్మం దాకా వెళ్ళాను, సామ్యేలూ. తెర ఇవతల నిలబడ్డాను. లోపల ఎవరో పేజీలు లెక్కపెడుతున్నారు. నూట నలభై, నూట నలభై ఒకటి. నూట అరవై దాకా విని బస్సుకు వేళయిందని వచ్చేశాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

పేటలో పఠనమందిరం పుస్తకాలు కూడా నలభై తుడిచాను. మూడురోజుల తరువాత చూస్తే, ఊరి పళ్ళేలు కోటప్పకొండ తిరునాళ్ళ లాగున్నాయి. నల్లవి, పచ్చవి, పసుపువి, జిగురువి, సందులేకుండా పెరిగాయి. ఆసుపత్రి పళ్ళేలు పత్తి ఏరేసిన చేను మాదిరిగా ఉన్నాయి, అక్కడొకటి ఇక్కడొకటి. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

కారణం కోసం రెండురోజులు పఠనమందిరంలో ఒక మూల కూర్చుని పాఠకులను పరిశీలించాను. పేటలో పుస్తకం చదివే ప్రతి మనిషీ చూపుడువేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పుతాడు. వక్కపలుకుల వాడు, నస్యం వాడు, అప్పుడే మిరపకాయ బజ్జీ తిని వచ్చినవాడు, అందరిదీ అదే మూల, అదే వేలు. మన్సూర్‌ను అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు.

“తడి లేకపోతే కాయితం యాడ కదుల్ద్ది సార్? మా నాయిన కాలం నించీ ఇంతేగా.”

మీ చదువుగదిలో అలా కుదరదు. స్పర్శ లేని వేలు నోట్లోకి పోకూడదని ఫిలోమినా గారి శాసనం. చదవబోయే ముందు సబ్బుతో కడుక్కోవాలి, తువ్వాలుతో తుడుచుకోవాలి, బొటనవేలి పక్కతో పేజీని తోయాలి. ఊరు భయపడుతున్న చేతులు ఊరి చేతులకంటే శుభ్రమైనవి. ఇదీ నా పరిశోధనా ఫలితం.

ఇంకొక ఫలితం కూడా ఉంది. యల్లమంద గారు తండ్రిగారి పేరిట బహూకరించిన అరవై పుస్తకాలు అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటి పళ్ళేలలో ఏమీ పెరగలేదు. తొమ్మిదేళ్ళుగా వాటిని ఎవరూ తెరవలేదు. పుస్తకాలకు అన్నిటికంటే ఆరోగ్యకరమైన స్థితి అదేనని నివేదిక పదకొండో పేజీలో రాశాను.

నిన్న శనివారం కమిటీ కూడింది. యల్లమంద గారు, మరి నలుగురు సభ్యులు, రిజిస్టర్లతో ఫిలోమినా గారు, గోడవారగా మన్సూర్. నా నివేదిక టైపు చేసినవి పధ్నాలుగు పేజీలు. యల్లమంద గారు దాన్ని స్వయంగా చదివారు. ప్రతి పేజీకీ వేలు నాలుకకు అద్దుకున్నారు. తడి వేలి ప్రస్తావన ఉన్న పేజీని కూడా తడి వేలితోనే తిప్పారు. ఎవరూ నవ్వలేదు. ఆయన పధ్నాలుగో పేజీ అయ్యాక కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

“ఏందయ్యా ఇది? వాళ్ళ పుస్తకాలు చూడమని పిలిస్తే మా ఎంగిలి లెక్కపెట్టుకొచ్చావేంది? సరే, మురికి సంగతి మాకొద్దు. ఆ పుస్తకాల వల్ల రోగం అంటదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. పెడితే ఉంటయ్. పెట్టకపోతే సోమవారం పొద్దున కిరసనాయిలు తెప్పిస్తా.”

నేను లేచి నిలబడ్డాను. ఆ క్రిమి పళ్ళెంలో పెరగదు గనుక, అది ఉన్నదనీ లేదనీ నా ప్రయోగం ద్వారా చెప్పడానికి వీలులేదని, శాస్త్రజ్ఞుడిగా నాకు కొన్ని పరిమితులు ఉన్నాయని మనవి చేశాను. వాక్యం చాలా బాగా వచ్చింది. అబద్ధం ఒక్కటి కూడా లేదు. నువ్వు వింటే మెచ్చుకునేవాడివి, ఆ తరువాత నా మొహం చూసేవాడివి కాదు.

ఫిలోమినా గారు రిజిస్టరు తెరిచారు. చదువుగదిలో కూర్చునేవారిలో ప్రతి ఒక్కరికీ చర్మ పరీక్షలు వరసగా మూడేళ్ళు నిర్దోషమని వచ్చాయని చూపించారు. తొమ్మిదేళ్ళలో సిబ్బందిలో ఒక్కరికీ ఈ జబ్బు రాలేదన్నారు. ఆరేళ్ళుగా పెట్టె మోస్తున్న మన్సూర్‌ను లేపి చొక్కా విప్పించి సభ్యులకు వీపు చూపించారు. ఇవన్నీ నేను రాకముందే ఆ రిజిస్టర్లలో ఉన్నాయి. నన్ను పంపకుండా వాటిని చదివి ఉంటే సరిపోయేది. తరువాత ఆమె సంచీలోనుంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద నా ముందు పెట్టారు. ఇరవై ఏడో నంబరు. నీ చీటీ దాని మీదే ఉంది.

“మీ సంతకం నాకు అక్కర్లేదండీ,” అన్నారామె. “ఈ పుస్తకం వట్టి చేతుల్తో తెరిచి ఒక పేజీ చదవండి. చాలు. మీరు చదవలేకపోతే తగలబెట్టటమే న్యాయం.”

యల్లమంద గారు కుర్చీలో ముందుకు జరిగారు. “అదీ మాట. కానియ్, చూద్దాం,” అన్నారు.

తొడుగులు సత్రంలో ఉన్నాయి. అవి లేవన్న సంగతి నాకు చాలా స్పష్టంగా తెలిసింది. పుస్తకం అందుకున్నాను. అట్ట మీద ఏమీ లేదు, అట్ట లాగే ఉంది. తెరిచాను. మొదటి పేజీ పైకి చదివాను. చదవడం ముగిసింది. పేజీ తిప్పాలి.

వేలు నాలుక మీదికి వెళ్ళింది. తడిపి, మూల పట్టుకుని తిప్పి, ఎడమవైపు రెండు పంక్తులు చదివి, మళ్ళీ తడుపుకుని ఇంకొకటి తిప్పాను. తలెత్తాను. సభ్యులు నలుగురూ నా నోటివంక చూస్తున్నారు. మా ఊరు నూజెండ్లలో మా నాయన పంచాంగం తిప్పేటప్పుడు నేర్చుకున్న అలవాటు అది. పధ్నాలుగు పేజీల నివేదికలో దాన్ని ఖండించిన నేనే రెండుసార్లు చేశాను.

వాళ్ళు దాన్ని సాహసం అనుకున్నారు. శాస్త్రజ్ఞుడు తన నాలుకనే పణంగా పెట్టాడనుకున్నారు. యల్లమంద గారు పక్కాయన వైపు తిరిగారు. “ఎంగిలి చేసి మరీ తిప్పాడు గదయ్యా. ఇంకేం సాక్ష్యం కావాల?” అని, తీర్మానం పుస్తకం తెప్పించారు. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉంటాయి. నెలనెలా పెట్టె వస్తుంది, పోతుంది. రోగం అంటదన్న ముక్క కూడా రాశాను, రిజిస్టర్ల ఆధారంతో. సంతకం పెట్టాను. చప్పట్లు కూడా కొట్టారు.

చప్పట్లు అయ్యాక నేను ఏం చేశానో రాయకపోతే ఈ నివేదిక అసంపూర్ణమవుతుంది. పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించాను. ఏడుసార్లు. రిజిస్టర్లన్నీ చదివాక, సంతకం పెట్టాక, తెలిసి తెలిసి. మన్సూర్ చూశాడు. తువ్వాలు ఇచ్చాడు.

భయానికి ఏ పళ్ళెంలో వేసినా పెరిగే గుణం ఉంది. ఆ సంగతి నివేదికలో పెట్టలేదు. నీకు చెబుతున్నాను.

రేపు పెట్టెతో వెళ్తూ మన్సూర్ ఈ ఉత్తరం నీకు ఇస్తాడు. మంగళవారం పది గంటల బస్సుకు నేను వస్తాను. ఫిలోమినా గారికి చెప్పలేదు. నీకే చెబుతున్నాను, రావద్దనడానికి నీకు ఒకరోజు వ్యవధి ఉండాలని.

ఇట్లు,
పూర్వం నీ గదిలో రెండో మంచం వాడు,
ధనుంజయరావు.

తా.క.: ఉత్తరం మడిచాను. మళ్ళీ విప్పాను. నీ మూడు ఉత్తరాలకూ జవాబు ఎందుకు రాయలేదో ఇంకా చెప్పలేదు. నీ ఒంటి మీద మచ్చలు బయటపడిన వారంలో, నిన్ను హాస్టలు నుంచి పంపేయమని, నీ పుస్తకాలు, నోట్సులు మెస్సు వెనక తగలబెట్టించమని వార్డెనుకు ఒక అర్జీ వెళ్ళింది. ముప్ఫైఒక్క సంతకాలు. నీతో ఒకే గదిలో ఉండి కూడా సంతకం పెట్టనివాణ్ణి నేనొక్కడినేనని నీకు ఎవరో చెప్పారు. మూడు ఉత్తరాల్లోనూ నువ్వు నాకు కృతజ్ఞత చెప్పింది అందుకే. సామ్యేలూ, ఆ అర్జీ రాసింది నేను. నా దస్తూరీ నీకు తెలుసని ఇంకొకడిచేత శుభ్రప్రతి రాయించాను. అర్జీకి మాటలు కూర్చి ఇచ్చినవాడివి, సంతకం నీకెందుకులే అని వాళ్ళే నన్ను వదిలేశారు. పుస్తకాలు తగలబెట్టించే సంగతి ఎవరికీ తోచలేదు. ఆ వాక్యం నేనే చేర్చాను. మంగళవారం తెర ఇవతలే నిలబడతాను. నువ్వు పిలిస్తే లోపలికి వస్తాను.