ఏ సంగం లచ్చమ్మ?

మే 26
నల్లగొండ నుంచి పిలుపు. రాజకీయ చరిత్ర మ్యూజియం జూన్ రెండున మళ్లీ తెరుస్తారట. మరమ్మతులని తాళం వేసి ఆరేళ్లు... అప్పట్లో అవ్వ ఫోటో ఇచ్చింది నేనే — అమ్మను కన్న అవ్వ. దొర మనుషులను ఉరికించిన గుతుప కర్ర చేతిలో పట్టుకుని ముసలితనంలో దిగింది. ఇంట్లో ఉన్న ఫోటో ఆ ఒక్కటే.

మే 27
అమ్మకు చెప్పాను. పొద్దటి నుంచి ఒకటే పాట — "మా అమ్మ దొర గడీ మీదికి పోయిన నాడు నేను చంకల ఉన్ననట." చదువు రాదు, చూపు సగమే. అయినా వస్తుందట.

జూన్ 1
చీర ఇస్త్రీ చేయించింది.

జూన్ 2
డప్పులు, రిబ్బను, ఉపన్యాసాలు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. అమ్మకు కుర్చీ అడిగితే అవి అతిథులకట.
సాయుధ పోరాటం గదిలో అవ్వ లేదు. రెండుసార్లు వెతికాను. దొర పల్లకి మాత్రం ఉంది, పాలిష్ పెట్టి మరీ. ఎక్కడ పెట్టినా దొర దొరే.
అవ్వ ఆఖరి గదిలో. 'గ్రామీణ మహిళా ప్రగతి'. ఫోటో కింద — 'లచ్చమ్మ, పొదుపు సంఘం సభ్యురాలు. చేతికర్ర సాయంతో సమావేశానికి వెళుతూ.'
ఒళ్లు మండింది.
"ఏం రాసిన్రు బిడ్డా? సదువు."
చదివాను. లేనిది చదివాను. సంగం లచ్చమ్మ, గుతుప పట్టి దొర గడీ మీదికి పోయింది, చంకలో బిడ్డతో.
"నన్ను గూడ రాసిన్రా!"
అద్దం మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

జూన్ 3
మ్యూజియం ఆఫీసరు మర్యాదస్తుడే. నా పాత ఫారం తీసి నా ముందు పెట్టాడు. నా చేతిరాతే — 'సంగం లచ్చమ్మ'. ఇంకేమీ లేదు. "సంగం అంటే డ్వాక్రానే గద మేడం?"
దొరలను ఎదిరించిన సంగం అని వేరే రాయాలా అనుకున్నాను ఆరోజు. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారనుకున్నాను... చెప్పేవాళ్లు ఇప్పుడెవరున్నారు?
అర్జీ పెట్టమన్నాడు. బోర్డులు మళ్లీ ఎప్పుడు రాయిస్తారో తెలియదట.

జూన్ 4
అర్జీ రాశాను. చింపేశాను. తప్పు ఎవరిదని రాయను?

జూన్ 6, శుక్రవారం
అమ్మ వాడంతా చెప్పుకొచ్చింది. వాడలోని పొదుపు సంగపోళ్లు ఆటో మాట్లాడారట, ఆదివారానికి.
"నా ముచ్చట గూడ రాసిన్రంటే నమ్ముతలేరే. లీడర్ సుజాత సదివి ఇనిపిస్తది తియ్యి, నువ్వు తిప్పల పడకు."
సుజాత పదో తరగతి పాసు. ఆదివారం ఎల్లుండే.