కోత మిషన్‌కి పాత తేదీ

బావా,

నా ఉత్తరం నువ్వు ముట్టవని అక్కకి పంపాను; తను చదివి వినిపిస్తుంటే లేచి వెళ్ళిపోకు. మన ఫ్యాక్టరీలో కోత మిషన్‌ని నడిపే కంప్యూటర్ ఇంకా నువ్వు వదిలి వెళ్ళినదే. అందులో ప్రోగ్రాం గడువు తీరిపోయింది. గడువు తీరితే తేదీ వెనక్కి తిప్పమని నువ్వు చెప్పిన కిటుకుతోనే నడుస్తోంది. రోజూ పొద్దున్నే తిప్పేది నేనే. ఇంగ్లీషు అంతగా రాకపోయినా అంకెలు వచ్చుగా!

ఏ పాత తేదీ అయినా సరిపోతుంది. నేను మాత్రం ఆరేళ్ళ కిందట నువ్వు ఉద్యోగం మానేయడానికి ముందురోజు తేదీయే కొడతాను. ఆ తేదీకి నేనింకా కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద పాకే అక్షరాలను "వైరస్" అని మార్చలేదు. నువ్వు హడలిపోయి పని ఆపించలేదు. మేనేజరు అందరి ముందూ "నీకెందుకయ్యా కంప్యూటరు, కోళ్ళు పెంచుకో" అనలేదు. అందరికంటే గట్టిగా నేను నవ్వలేదు.

సోమవారం కొత్త కంప్యూటర్ పెడుతున్నారు. దానికి తేదీ ఎవరూ చెప్పక్కర్లేదట, మనం మార్చినా ఒప్పుకోదట. శనివారం లోపు ఒక్కసారి వచ్చి నీ కుర్చీలో కూర్చో. నాలుగు తిట్టు, పడతాను. ఇదీ వేళాకోళమే అనుకుంటావేమోనని రెండుసార్లు చింపి, మళ్ళీ రాశాను.

నీ బావమరిది