టికెట్ వెనక రాసిన చిల్లర

మంగళవారం

ఈ నెల కార్డు బిల్లులో వడ్డీ పడింది. ఎల్‌బీ నగర్ మెట్రో దిగి, మెట్ల దగ్గరే నిలబడి బ్యాంకుకు ఫోన్ చేశాను. "రిఫండ్ బిల్లు గడువు దాటాక వచ్చింది మేడమ్. అప్పటికి మీరు బిల్లు మొత్తం కట్టలేదు. అందుకే కొన్న రోజు నుంచి వడ్డీ పడింది" అంది అక్కడి అమ్మాయి. కార్డుతో కొన్న ఫ్రిజ్ మీదే కాదట, ఆ నెల కొన్న బియ్యం, మందుల మీద కూడా.

సొట్ట పడిన ఆ ఫ్రిజ్‌ను దిల్‌సుఖ్‌నగర్ షాపుకు తిప్పి పంపిన రోజే మా ఆయన చెప్పాడు.

"బిల్లు మొత్తం కట్టెయ్. బస్సుల నేను టికెట్ ఎనుక చిల్లర రాసిస్త. చేతికొచ్చేదాంక అవి పైసలేనా?"

"వాపసొచ్చే పైసలకు బిల్లెందుకు కట్టాలె? నీ కండక్టర్ లెక్కలు కార్డు కాడ నడువయి" అన్నాను. అదీ ఆడపడుచు ముందు. ఆమె నవ్వింది. ఆయన చిన్నబుచ్చుకుని డ్యూటీ సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఫ్రిజ్ ధర తీసేసి మిగతాది మాత్రమే కట్టాను.

వడ్డీ మరీ పెద్దదేం కాదు, ఎలాగో కట్టేస్తాను. ఆ రోజు ఆయన ముఖమే...

ఇందాక అన్నం తింటూ అడిగాడు, "ఫ్రిజ్ పైసలు ఒచ్చినయా?"

"ఒచ్చినయి" అన్నాను. అబద్ధం కాదు.

"అయితే నువ్వన్నదే కరెక్టు. కార్డుల సంగతి నాకేం ఎర్క" అని, గిన్నెలో మిగిలిన పెరుగంతా నా కంచంలో వేశాడు.