ఎనిడ్ విప్పిన కుట్లు

మిర్రబీ,
14 జూన్ 1991, శుక్రవారం.

పూజ్యులైన థెల్మా వదినగారికి,

మీ మరిది ఆల్బీ నమస్కారాలతో రాస్తున్నది. మీరు కుశలమేనని తలుస్తాను. రైలుకట్టకు ఆ పక్క మీరు, ఈ పక్క నేను. ఈమాత్రం దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. మొన్న సాయంత్రం మీ గేటు దాకా వచ్చాను. ఇంట్లో దీపం లేదు. నన్ను కిటికీలోంచి చూసి ఆర్పేశారనుకుని వెనక్కి వచ్చేశాను. మొహం చూడనంటే చూడకండి, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదవండి. నాకు భయంగా ఉంది, అడగడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

మీ చెల్లెలు ఎనిడ్ పోయిన రోజున మన ఇద్దరి మధ్య పడిన మాటలు మీకూ గుర్తే, నాకూ గుర్తే. మీ చర్చి హాలు బొంతల బృందంలో ఎవరైనా పోతే, వాళ్లు సగంలో వదిలిన బొంతను మిగతావాళ్లు తీసుకెళ్లి పూర్తిచేసి ఇంటికి పంపడం మీ ఆచారం. మీరు ఆ ఆచారం ప్రకారమే ఎనిడ్ సగం కుట్టిన బొంత బిగించి ఉన్న చట్రం మీద చెయ్యి వేశారు. దాన్ని ఇల్లు దాటనివ్వనన్నాను. "అయితే చిమ్మెటలే పూర్తి చేస్తాయిలే" అని మీరు టీ కప్పు అక్కడే పెట్టేసి వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, వేసవి అంతా ఆ వెనక గదిలోకి నేనూ పోలేదు. మార్చిలో ఒకరోజు ధైర్యం చేసి వెళ్లాను. నీలం ముక్క మీద సగం వరసలో ఎనిడ్ గుచ్చి వదిలిన సూది అలాగే ఉంది, దారంతో సహా. చిమ్మెటల పాలు చేయడం ఇష్టం లేక, ఆ సూదే పట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. నా కుట్టు మీకు తెలియనిదేముంది? కుర్రతనంలో గోధుమ సంచుల మూతులు కుట్టి బతికినవాణ్ణి. దబ్బనం అలవాటైన చెయ్యి. లాగి బిగించడమే తెలుసు. ఒక వరస కుట్టేసరికి బొంత ముడతలు పడి ముసలివాడి మొహంలా అయింది. అయినా పొంగిపోయాను.

ఆ గురువారం మధ్యాహ్నం ఎప్పటిలాగే క్లబ్బులో బంతులాటకు వెళ్లి, పొద్దుగూకేవేళకు తిరిగొచ్చాను. నేను కుట్టిన వరస లేదు. ఒక్క కుట్టు కూడా మిగల్చకుండా విప్పేసి ఉంది. ఎనిడ్ కుట్లు మాత్రం చెక్కుచెదరలేదు. విప్పిన దారం కండెకు పొందికగా చుట్టి ఉంది. సూది, సూదుల దిండుకు ఎడమ అంచున గుచ్చి ఉంది. సూదిని అక్కడ గుచ్చేది ఎనిడ్ ఒక్కతే. వాకిట్లో కుక్క తోక ఊపుతోంది. పరాయివాళ్లెవరొచ్చినా వీధంతా ఏకం చేసే కుక్క అది.

మొదట భయమేసింది వదినా. కాసేపటికి భయం పోయి ఏడుపొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు నా పని చూసి "ఇదీ ఒక పనేనా" అని దిద్దిన మనిషి, పోయాక కూడా దిద్దడానికి వచ్చిందనుకున్నాను.

మళ్లీ కుట్టాను. మళ్లీ గురువారం విప్పేసి ఉంది. ఆ సంగతి క్లబ్బులో నాతో ఆడే క్లారీకి, నెవిల్‌కి చెప్పాను. క్లారీ నలభై ఏళ్లు గొర్రెల బొచ్చు కత్తిరించినవాడు, దేన్నీ నమ్మడు. బొంత చూసి, "దయ్యమైనా మనిషైనా కళ్లున్నవాళ్లెవరైనా విప్పేస్తార్రా దీన్ని! మూలన ఈ చెవేంట్రా, ఎత్తి లారీలో వేస్తావా?" అన్నాడు. నిజమే. సంచి ఎత్తడానికి పట్టు దొరకాలని మేం మూలల్లో చెవులు కుట్టేవాళ్లం. చెయ్యి దానంతటదే బొంతకూ చెవి పెట్టేసింది.

దయ్యాన్ని పట్టేస్తామని ఇద్దరూ మరుసటి గురువారం వెనక గదిలో కాపలా కూర్చున్నారు. నేనూ ఆట మానేశాను. ఎవరూ రాలేదు. ఎంతసేపని గోడలు చూస్తాం? నెవిల్ ఒక ముక్క తీసుకుని సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టించాడు. "నీకంటే నా గుడ్డి గుర్రం నయంరా" అని క్లారీ సూది లాక్కున్నాడు. లాక్కున్నవాడు మరి వదల్లేదు. కుర్రవాళ్లుగా బొచ్చు కత్తిరించే షెడ్డుల్లో పడుకున్నప్పుడు పాత కోట్లు మధ్యలో పెట్టి, గోనె సంచులు కలిపి కప్పుకోవడానికి కుట్టుకున్నవి ఏమిటి, బొంతలు కావా అన్నాడు. ఆడవాళ్లు కుడితే బొంత, మనం కుడితే చలికి కప్పుకునేది, అంతే తేడా అన్నాడు నెవిల్. ఇప్పుడు ప్రతి మంగళవారం మా ఇంట్లో ఆరుగురం. క్లబ్బులో మమ్మల్ని చూసి ఈలలు వేసిన పోస్టుమాస్టరు కూడా భార్య పాత గౌన్లు పట్టుకుని వచ్చి కూర్చుంటున్నాడు. నవ్విన నాపచేనే పండడమంటే ఇదే.

కానీ ఎనిడ్ బొంత ఎవరినీ ముట్టనివ్వను. అది మా ఇద్దరి లెక్క. నేను బుధవారం దాకా కుట్టడం, ఆమె గురువారం దిద్దడం. ఒక వారం రెండంగుళాల మేర విప్పకుండా వదిలింది. ఆ సాయంత్రం కుక్కకి కూడా మాంసం వండిపెట్టాను. ఇంకోవారం నా వరస పక్కనే నాలుగు చిన్న కుట్లు కుట్టి చూపించింది, ఇలా కుట్టాలిరా మొద్దూ అన్నట్టు. గురువారం ఉదయం ఆమె కుర్చీ దులిపి, కిటికీ తెర పక్కకు లాగి, అప్పుడే బయటికి కదిలేవాణ్ణి. ఆ ఇంట్లో నేను ఒంటరిగా లేననిపించేది. ఇది పిచ్చి అంటే అనండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. వరసగా మూడు గురువారాలు ఒక్క కుట్టు కూడా విప్పి లేదు. సూది నేను పెట్టిన చోటే ఉంది. "పాసయ్యావురా, ఇక దిద్దడానికేముంది" అని క్లారీ వీపు తట్టాడు. నాకు మాత్రం పాసవ్వాలని లేదు. పోయినవారం కావాలనే వంకరగా కుట్టాను. నిన్నటికి మూలన ఒక చెవి కూడా కుట్టి పెట్టాను, సంచికి పెట్టినట్టే పెద్దగా. రా, వచ్చి తిట్టు అని పైకే అన్నాను. పొద్దుగూకి ఇంటికొస్తే చెవి అలాగే నిలబడి ఉంది. గది చల్లగా ఉంది. ఎనిడ్ అక్టోబరులో పోయిందంటారు గానీ వదినా, నాకు నిన్ననే పోయినట్టుంది.

అందుకే అడుగుతున్నాను. ఆమె మీ ఇంటికి గానీ వస్తోందా? మీ సూదులు ఎవరైనా కదిలిస్తున్నారా? నా మీద కోపం నా మీదే ఉంచుకోండి. ఎనిడ్ మీ దగ్గరుంటే మాత్రం, బొంత ఇంకా అయిపోలేదని, ఒక్కసారి ఇటు వచ్చి పొమ్మని చెప్పండి.

ఇట్లు,
మీ మరిది,
ఆల్బీ

తా.క. శనివారం ఉదయం. కవరు అంటించబోతుంటే క్లారీ భార్య హేజెల్ రొట్టె ఇవ్వడానికి వచ్చింది. కవరు మీద మీ పేరు చూసి, ఆ ఇంట్లో ఇది అందుకునేవాళ్లు లేరంది. మీరు మెట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగిందని, మూడు వారాలుగా పెద్దూరి ఆసుపత్రిలో ఉన్నారని, ఆల్బీకి చెప్పావంటే ఊరుకోనని ఆమెతో ఒట్టు వేయించుకున్నారని అప్పుడు బయటపెట్టింది.

మూడు వారాలు.

హేజెల్ వెళ్లాక వెనక గదిలోకి పోయి ఆ నాలుగు చిన్న కుట్లు మళ్లీ చూశాను. నీళ్ల ట్యాంకు కింద తాళంచెవి ఉంటుందని ఎనిడ్ మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ కుక్క కూనగా ఉన్నప్పుడు దాన్ని సాకి ఇచ్చింది మీరే. ఎనిడ్‌కు ఏడేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని సూది పట్టడం నేర్పిందీ, వాడాక ఎడమ అంచున గుచ్చమన్నదీ మీరే. ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. నేను ఆమెనే తలుచుకుంటూ, ఆమెకు నేర్పినవాళ్లను మర్చిపోయాను.

అంటే ఎనిడ్ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. కానీ మీ మీద కోపం లేదు వదినా, ఒట్టు. గురువారం గురువారం నా ఇంట్లో మనిషి ఉండడం మాత్రం అబద్ధం కాదు కదా.

ఈ ఉత్తరం పోస్టులో వేయను, చేతికే ఇస్తాను. రేపు మధ్యాహ్నం క్లారీ లారీలో చట్రంతో సహా బొంత ఆసుపత్రికి తెస్తున్నాను. ఇల్లు దాటనివ్వనన్న మాట వెనక్కి తీసుకున్నాను. కుట్లు విప్పడానికి చిన్న కత్తెర కూడా తెస్తాను. మూలన ఉన్న చెవి విప్పలేదు. అది మీరే విప్పాలి, ఈసారి నేను పక్కన కూర్చుని చూస్తుండగా.