మా ఆయన ఉన్న ఒక్క ప్లేటు

27 సెప్టెంబర్ 1948, మారేడ్‌పల్లి

ఇయ్యాల సుత ఖబర్ లేదు. మిలిటరీ వచ్చిన మూడోనాడు మా ఆయన బొల్లారం పోయిండు, ఎవరివో పెండ్లి ఫోటోలు ఇచ్చొస్తనని. తొవ్వల పట్టుకపోయిండ్రట. రజాకారని అనుమానమట! కెమెరా తప్ప చేతిల కట్టె పట్టనోడు రజాకారా? నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

ఇది తెలుగుల రాస్తున్న. అత్తకు ఉర్దూ ఒక్కటే వస్తది. చదివి పరేషాన్ కావద్దు.

28 సెప్టెంబర్

పక్కింటి భద్రయ్యన్న బోయిన్‌పల్లి నుంచి, పట్టుకపోయినోళ్లను ఉంచిన క్యాంపుకు కూరగాయలేస్తడు. గేటుకాడ అడిగిండట. లోపట మస్తు మంది ఉన్నరు, షంషీర్ అని మా ఆయన పేరున్నోళ్లే ఎందరో ఉన్నరు, ఫోటో తెస్తే వెతుకుతనన్నడట జమాదార్. అన్నను లోపటికి రానియ్యరు.

ఫోటో! సికింద్రాబాద్‌ల సగంమంది ముఖాలు మా ఇంట్లున్నయి. ఈ మనిషిది ఒక్కటి లేదు. పెట్టెలన్ని తిరగేసిన. తీసేటోనికి ఫోటో ఎందుకని నీలుగుతుండె. రానీ, చెప్త ఆయన సంగతి.

అదే దినం, సాయంత్రం

యాదికొచ్చింది! రంజాన్ పండుగనాడు అత్త ఫోటో కోసం కెమెరాల అద్దం ప్లేటు పెట్టి అంతా తయారు చేసిండు. అత్త కూసునే కుర్చీ జరుపుకుంట, కెమెరా ముట్టకని నా మీద ఒర్రుతుంటే, తమాషాకు నేను ఫోటో పడే రబ్బరు బుగ్గ ఒత్తిన. ప్లేటు ఖరాబు చేసినవని ఎన్ని తిట్లు తిట్టిండో! ఆ కోపానికి దాన్ని బొమ్మ తేలేటట్టు కడగనే లేదు. డబ్బాల అట్లనే ఉన్నది.

కడుగుడు నాకు రాదు. ప్రింట్లు నీళ్లల్ల జాడించే పనొక్కటే నాకిచ్చెటోడు. ఉన్నది ఒక్క ప్లేటు. అది పాడైతే ఇంకేం లేదు.

29 సెప్టెంబర్

స్నానాలగది కిటికీకి అత్త బొంత అడ్డం పట్టుకున్నది. లాంతరుకు ఎర్ర కాయిదం చుట్టిన. రెండు మందు సీసాలు. ఒక్కదాని మీద సుత పేరు రాయలే మా దొర! బొమ్మ తెచ్చే డెవలపర్ ఏది, తర్వాత ముంచే హైపో ఏది? మూతలు తీసి వాసన చూసిన. ప్రింట్లు జాడించినప్పుడల్లా నా చేతులకంటే వాసన ఒకదాంట్ల ఉన్నది. అది హైపో. అంటే రెండోదే ముందు.

బిస్మిల్లా అని ముంచిన. ఎంతసేపటికీ ఏం లేదు. గిన్నె ఊపుకుంటనే ఉన్న. అప్పుడు మెల్లగ కుర్చీ వచ్చింది, భుజం వచ్చింది, ముఖం వచ్చింది. ముఖం నల్లగ, మీసాలు తెల్లగ! కొడుకుకు ఏమైందోనని అత్త శోకం షురూ చేసింది. నెగెటివ్ గట్లనే ఉంటదని ఆమెకు చెప్పేసరికి నా పానం పోయింది.

30 సెప్టెంబర్

ఎండల పెట్టి ప్రింటు తీసే కాయిదమే మిగిలింది. బయట ముసురు.

1 అక్టోబర్

ముసురు.

2 అక్టోబర్

ఎండ రాలే. క్యాంపుల నుంచి కొందరిని దూరం జైలుకు పంపుతున్నరట, సోమవారం లోపల ఫోటో ఇస్తే మంచిదని భద్రయ్యన్న చెప్పిపోయిండు. మబ్బును తిట్టిన. అల్లా మాఫ్ చెయ్యాలె.

3 అక్టోబర్, ఆదివారం

ఎండ! ప్లేటు, కాయిదం బిగించిన ఫ్రేమ్ పట్టుకుని మిద్దెక్కిన. బురఖా సుత యాదిలేదు. మా దిక్కు నీడ పడుతున్నదని, భద్రయ్యన్న భార్య శ్యామలమ్మక్క గోడ మీదికెళ్లి ఫ్రేమ్ అందుకున్నది. వాళ్ల మిద్దె మీద పెట్టి, కాకులను కొట్టుకుంట పక్కనే కూసున్నది. వంట సుత మరిచింది.

ప్రింటు వచ్చింది. నోరు తెరిచి, నా దిక్కు వేలు చూపెట్టి తిడుతున్నడు. ముఖం సాఫ్‌గ ఉన్నది. భద్రయ్యన్నకు నవ్వాగలేదు, గీ నోరు ఇంకెవలికుంటదన్నడు. నేను సుత నవ్విన. లోపటికొచ్చి కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చిన. తిట్టినా మంచిదే, ఇంట్ల ఉంటే చాలు.

5 అక్టోబర్

ఉన్నడు. మనిషి ఉన్నడు! జమాదార్ ఫోటో పట్టుకుని తిరిగి దొరకబట్టిండట. భద్రయ్యన్న పూచీ పడి జమానత్ ఇస్తడట. విచారణ అయ్యేదాక ఆగాలంట. ఆగుతం.

11 అక్టోబర్

ముగ్గురు ఆడోళ్లు వచ్చిండ్రు. వాళ్లోళ్లు సుత లోపటనే ఉన్నరు. పాత నెగెటివ్‌లు మూటకట్టి తెచ్చిండ్రు. ప్రింటు తీసుడు వస్తదా అని అడిగిండ్రు. వస్తదన్న.

14 అక్టోబర్

పొద్దుగాల ఎవరో తలుపు కొట్టిండ్రు. సందుల నుంచి చూసిన. గుండు, బక్కమనిషి. ఫోటోగ్రాఫర్ సాబ్ ఇంట్ల లేడని పర్దా ఎనక నుంచి చెప్పిన. తలుపు కింద నుంచి నా ప్రింటు లోపటికి తోసి, మరి ఇది కడిగిందెవరని అడిగిండు.

ఆ తిట్ల గొంతు.

నేనే అని చెప్పిన.